కావుగదిలో అట్టలేని పుస్తకం

ఎండలు ముదరబోతున్నాయనగా పత్రికల వాళ్లకి నేను గుర్తొస్తాను. "మేడమ్, వచ్చే సీజన్లో మీరు చదవబోయే పుస్తకాలేంటి? మీకు బాగా నచ్చిన వాక్యం ఒకటి చెప్పండి, ఫోటోతో వేస్తాం" అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఏటా ఏదో ఒకటి చెప్పి వదిలించుకునేదాన్ని. చదవబోతున్నానని చెప్పినవాటిలో సగం ముట్టుకున్న పాపాన పోలేదు. నచ్చిన వాక్యమంటే ఆ పూటకి నోటికొచ్చింది. ఈసారి మాత్రం ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. "మేడమ్, ఉన్నారా?" అన్నాడతను. ఉన్నానయ్యా, ఎక్కడికి పోతాను? రేపు నేనే చేస్తానని చెప్పి పెట్టేశాను. చెయ్యలేదు.

సంగతేంటంటే నా కళ్లు పోతున్నాయి. పూర్తిగా చీకటైపోదట. పక్కలన్నీ కనిపిస్తూనే ఉంటాయట, నడుమ మాత్రం పోతుందట. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి. గోడ కనిపిస్తుంది, గుమ్మం కనిపిస్తుంది, ఎదురుగా కూర్చున్న మనిషి చెవులు కనిపిస్తాయి, మొహం కనిపించదు. పుస్తకం తెరిస్తే మార్జిన్లు శుభ్రంగా ఉంటాయి, నేను చూసిన అక్షరం మీద మాత్రం మామిడి సొన కారినట్టు ఒక మరక. డాక్టరుగారు మంచివాడే. కంట్లో ఇంజక్షన్లు ఇచ్చాడు, ధైర్యం చెప్పాడు, చివరికి గొంతు తగ్గించి, "చదవాల్సినవి ఉంటే ఈ ఎండాకాలంలోనే చదివేసుకోండమ్మా, వానలు పడేసరికి ఎలా ఉంటుందో నేను మాటివ్వలేను" అన్నాడు. బతుకంతా చదవడం, రాయడం తప్ప ఇంకో పని చేతకానిదానికి ఆ మాట చెప్పి, తర్వాతి పేషెంటుని పిలిచాడు.

అలా నాకొక సీజన్ మిగిలింది. ఇంటికొచ్చి బీరువాల ముందు తిరిగాను. చదవనివాటిని చూస్తే దుఃఖం, చదివినవాటిని చూస్తే ఇంకా దుఃఖం. ఒకప్పుడు ఏ వాక్యం పేజీలో ఏ మూలన ఉందో చెప్పగలిగినదాన్ని, ఇప్పుడు అట్టమీద పేరు కోసం తల పక్కకి వాల్చి కాకిలా చూస్తున్నాను. పది పుస్తకాలు తీసి మంచం మీద పెట్టుకున్నాను, అన్నీ తిరిగి లోపల పెట్టేశాను. ఎంతసేపు నటించినా నా చెయ్యి పోయేది ఒకదాని దగ్గరికే అని నాకు తెలుసు. బీరువా అడుగున, మా మేనత్త నేతచీర ముక్కలో నేను చుట్టి దాచిన పుస్తకం. అట్ట లేదు, పేరు లేదు. అందులో చివరి నాలుగు పేజీలు నేను చదవలేదు. చదవకూడదనే చదవలేదు. అదెందుకో చెప్పాలంటే మా వైపు సీజన్ గురించి చెప్పాలి.

మా నూజివీడు వైపు సీజన్ అంటే ఒకటే. విస్సన్నపేట దాటి చాట్రాయి పోయే దారిలో మా మామిడితోట. కాయ దిగడం మొదలైందంటే ఇంట్లో వేళకి తిండి ఉండదు, పెళ్లి మాటలుండవు, జబ్బులు కూడా ఉండవు. ఎవరికైనా జ్వరమొస్తే మా నాయనమ్మ "ఇప్పుడా?" అని కోప్పడేది. తోటకీ ఇంటికీ మధ్యన ఒక పొడుగాటి పెంకుటి కొట్టు ఉండేది. అదే కావుగది. చెట్టు మీద పండనిచ్చిన పండుకి రుచి రాదు. పక్వానికొచ్చిన కాయని ముచ్చికతో సహా కోసి, వరిగడ్డి పరిచి, దానిమీద కాయ, మళ్లీ గడ్డి, మళ్లీ కాయ, అలా వేసి మాగబెట్టడాన్ని మేం కావెయ్యడం అంటాం. ఆ గదిలోకి అడుగుపెడితే వెచ్చగా, పచ్చిగడ్డి ఎండినట్టూ బెల్లం కాగినట్టూ ఒక వాసన మొహానికి కొట్టేది. మధ్యాహ్నం ఎండకి తోటలో పని ఆగేది కదా, అప్పుడు కూలికొచ్చిన ఆడవాళ్లంతా కావుగదిలో చేరి గడ్డి తీసి, పండినవి ఒకవైపు, మెత్తబడినవి ఒకవైపు, మచ్చపడ్డవి ఒకవైపు ఏరేవారు. రసాల్ని చేత్తో నొక్కి చూడకూడదు, ముక్కుతో చూడాలి. నొక్కితే మా నాన్న ఊరుకునేవాడు కాదు.

వాళ్లు ఏరుతుంటే సుభద్రత్తయ్య చదివేది. నాన్నకి అక్క. నేను పుట్టకముందే మొగుడి ఇంట్లోంచి వచ్చేసింది. ఎవరూ తీసుకురాలేదు, తనే వచ్చేసింది. ఎందుకొచ్చిందో మా ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. నాన్న పల్లెత్తు మాట అనలేదు, అమ్మా అనలేదు. అనకపోవడం వల్లేనేమో ఆవిడ మరీ ఒదిగిపోయి ఉండేది. అందరూ తిన్నాక తినేది. గుమ్మంలోకి చుట్టాలొస్తే పెరట్లోకి పోయేది. మా ఇంట్లో గంపలకి గంపలు పళ్లుండేవా, ఆమె చేతిలో ఒక్క మంచి పండు నేను చూడలేదు. కుళ్లిన వైపు చాకుతో తీసేసి, మిగిలింది తినేది. "ఇంకో పండు తీసుకో అత్తయ్యా" అంటే "ఇదీ పండేగా" అనేది. గొంతు మాత్రం ఎవరి దయా అక్కర్లేని గొంతు. చదవడం మొదలెడితే కావుగది ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి ముక్కా వినిపించేది.

పుస్తకాల ఏర్పాటు పూతప్పుడే జరిగేది. నూజివీడు లైబ్రరీ నుంచి కొన్ని, స్కూలు మేస్టారి భార్య దగ్గర కొన్ని తెచ్చుకుని, పెరటి మెట్ల మీద కూర్చుని అన్నీ చదివేది. పూత వాసనకి తలనొప్పి వచ్చినా లేచేది కాదు. "ఇది మనకొద్దు, మగాళ్ల ఉపన్యాసాలు ఎక్కువ", "ఇది బావుంది, కానీ వింటూ చెయ్యి ఆగిపోతుంది, పండు చెడుతుంది" అంటూ విడదీసేది. "ఎలాగూ కావుగదిలో చదువుతావుగా, ఇప్పుడెందుకు మళ్లీ?" అని నేనంటే, "ఉప్పు చూడకుండా వడ్డిస్తామా?" అనేది. నూర్పిళ్లయ్యి వరిగడ్డి బండ్లు దిగుతుంటే కూలి ఆడవాళ్లు అడిగే మొదటి మాట కూలి గురించి కాదు. "సుభద్రమ్మగారూ, ఈ సీజనుకి ఏం పుస్తకాలండీ?" అనే.

ఒకళ్లకీ అక్షరం ముక్క రాదు, కానీ వాక్యాన్ని పట్టడంలో వాళ్లకి ఒక పద్ధతి ఉండేది. నచ్చిన మాట చెవినపడితే చేతిలో పండు కింద పెట్టి, "ఆగండమ్మగారూ, మళ్లీ" అనేవారు. అత్తయ్య ఆగేది, ఆ వాక్యం మళ్లీ చదివేది. అప్పుడు ఆ మనిషి కింద నుంచి ఒక గడ్డిపరక తీసి ఇస్తే, దాన్ని ఆ పేజీలో పెట్టేది. ఎవరి పరక వాళ్లదే. మర్నాడు "నా పరక దగ్గర చదవండి" అని వంతులేసుకునేవారు. సీజన్ అయ్యేసరికి పుస్తకం నిండా గడ్డిపరకలు. లైబ్రరీ ఆయన వాటిని దులిపి దులిపి విసుక్కునేవాడు. "ఏంటమ్మా, పుస్తకం చదువుతున్నారా, గొడ్డుకి పెడుతున్నారా?" అనేవాడు. ఇప్పుడు సాహిత్య సభల్లో మైకు పట్టుకుని కొటేషన్లు దంచేవాళ్లని చూస్తే నాకు ఆ లైబ్రరీ ఆయన గుర్తొస్తాడు, ఒళ్లు మండుతుంది, తర్వాత నేనూ ఆ మైకే పట్టుకుంటాను.

నేనింకా ఊళ్లోనే చదువుకుంటున్న ఒక ఏడు, కూలికొచ్చే వాళ్లలో కోటమ్మ కాయ దిగకముందే వచ్చింది. ఆమెది చాట్రాయి అవతల. అప్పటికి పెళ్లయి కొన్నేళ్లయింది, పిల్లల్లేరు. ఒక కన్ను వాచి మూసుకుపోయి ఉంది. మొగుడు కొట్టాడని వేరే చెప్పక్కర్లేదు, ఎవరూ అడగనూ లేదు. కావుగది చూరు కింద పడుకుంటానంది. "చింతలపూడిలో మా పిన్ని రమ్మంటుందండీ. సీజన్ అయ్యాక అటే పోతా. ఇంక ఆ గడప తొక్కను" అని అత్తయ్యకి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. అత్తయ్య లోపలికి వెళ్లింది. వెన్న తెచ్చి కంటికి రాసింది.

ఆ సీజన్లో చదివిన కథే నా బీరువాలోదీ, అప్పటి పుస్తకానికీ అట్ట లేదు. "ఆ ఊళ్లో రైలు ఆగేది, మనుషులే ఎక్కేవారు కాదు" అని మొదలవుతుంది. రాజేశ్వరి అని ఒకావిడ కథ. మొగుడితో పడలేక, ట్రంకుపెట్టె పట్టుకుని ఇల్లొదిలి వచ్చేస్తుంది. స్టేషన్‌కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాక చూసుకుంటే, ఇంటి తాళంచెవి బొడ్లోనే ఉండిపోయింది. రైలు ఇంకా రాలేదు. అక్కడికి ఆపింది అత్తయ్య ఆ రోజు. కోటమ్మ పరకలే ఎక్కువ ఉండేవి అందులో. పండు ఏరడం మానేసి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది, నాన్న వచ్చే అలికిడైతే గబుక్కున వంగేది.

ఆ సాయంత్రం పడమటి నుంచి ఈదురుగాలి లేచింది. వాన పడితే దారి మూసుకుపోతుందని లారీవాడు తొందరపెట్టాడు. మనిషికొక గంప పట్టుకుని గడ్డీ పండూ, గడ్డీ పండూ అంటూ కూరి, పైన గోనె కుట్టి ఎక్కించేశారు. మర్నాడు మధ్యాహ్నం పుస్తకం లేదు. అత్తయ్య ఎప్పుడూ దాన్ని గడ్డిలోనే ఓ పక్కన దూర్చేది. గది గదంతా తిరగేశారు. ఎవరో గడ్డితోపాటు పుస్తకాన్నీ ఎత్తి గంపలో పెట్టేశారని తేలింది. అందరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని పకపకా నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. "పోనీలేవే అక్కా, పళ్లతోపాటు మాగి ఎవరో ఒకరు తింటారులే" అన్నాడు.

నవ్వులయ్యాక కోటమ్మే అడిగింది. "మరి ఆవిడేమైందండీ? రైలొచ్చిందా?" అని. అందరూ అత్తయ్య వైపు చూశారు. అత్తయ్య చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, పుస్తకం ఉన్నట్టే కిందకి చూస్తూ చెప్పింది. రైలు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. రాజేశ్వరి ఎక్కలేదు. తాళంచెవి పట్టుకుని వచ్చిన దారినే వెళ్లి, తలుపు తీసుకుని, పొయ్యి వెలిగించింది. అంతే, కథ అయిపోయింది. ఒకామె కళ్లొత్తుకుంది. "అంతేలేండి, ఎక్కడికి పోతాం" అంది ఇంకొకామె. కోటమ్మ "ఆగండమ్మగారూ, మళ్లీ" అంది. అత్తయ్య మళ్లీ చెప్పింది, తలుపు తీసుకుని పొయ్యి వెలిగించింది అని. కోటమ్మ గడ్డిపరక తీసింది కానీ పెట్టడానికి పుస్తకం లేదు. కొప్పులో దోపుకుంది.

సీజన్ అయ్యాక కోటమ్మ చింతలపూడి పోలేదు. మూట కట్టుకుని చాట్రాయి దారి పట్టింది. తర్వాతి ఏడు వచ్చినప్పుడు ఆమె ఎడమచేతి వేళ్లు మడత పడేవి కావు. పళ్లు ఒక చేత్తోనే ఏరేది. నాన్న ఆమెకి తేలిక పని ఇమ్మన్నాడు. అందరం జాలిపడ్డాం. జాలిపడి రసాలు జుర్రుకున్నాం. నేను హాస్టల్‌కి వెళ్లిపోయాను, చదువుకున్నాను, రచయిత్రిని అయ్యాను. ఆడవాళ్ల బాధల మీద సంపుటాలు వేశాను. అత్తయ్య మాత్రం ఆ ఏడుతో చదవడం తగ్గించేసింది, తర్వాత్తర్వాత మానేసింది. గొంతు నొప్పి అనేది. ట్రాన్సిస్టర్ వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. అలాగే ఒక పూత రోజుల్లో, ఎవరికీ శ్రమ ఇవ్వకుండా పోయింది.

ఆమె పోయిన కొన్నాళ్లకి బెజవాడలో రోడ్డు పక్కన పాత పుస్తకాల కుప్పలో చెయ్యి పెడితే అట్టలేనిది ఒకటి వచ్చింది. తెరిచాను. ఆ ఊళ్లో రైలు ఆగేది, మనుషులే ఎక్కేవారు కాదు. నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చాను, నాకేం సిగ్గులేదు. ఇంటికి తెచ్చి, స్టేషన్ బెంచీ దాకా చదివి, మూసేశాను. ముందుకి వెళ్లబుద్ధి కాలేదు. అత్తయ్య చెప్పిన ముగింపు ఆమె గొంతుతో నా దగ్గరుంది, అచ్చులో ఇంకోటి ఉంటే అదీ పోతుందని భయం. తర్వాత చూద్దాం, తర్వాత చూద్దాం అంటూ కావేసినట్టు దాచాను. కావేసింది ఎన్నాళ్లుంటుంది? వేళకి తీయకపోతే కుళ్లుతుందని తోట పిల్లకి ఒకరు చెప్పాలా?

పోయిన వారం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, చెట్లు కొట్టించేస్తున్నా. పామాయిల్ వేస్తున్నా" అన్నాడు. వాడిని ఏమీ అనలేను. పూత నిలవడంలేదు, తామరపురుగు పట్టిపోతోంది, ఎన్ని మందులు కొట్టినా కాయ చేతికి రావడంలేదు. చుట్టుపక్కల అందరూ అదే చేశారు. "కావుగది పెంకు దింపిస్తున్నాం. ఏమైనా కావాలంటే వచ్చి తీసుకో" అన్నాడు. దాంట్లో ఏముంది తీసుకోవడానికి? ఆ గదిలో గడ్డి చూసే ఎన్నో ఏళ్లయింది. ఇప్పుడు కాయని పచ్చిగానే పట్టుకెళ్లి మందు పొట్లాలు పెట్టి రంగు తెప్పిస్తున్నారు. అయినా వెళ్లాను, నేతచీర ముక్కలో పుస్తకం పట్టుకుని. ఒక్కదాన్నే చదవాలంటే భయమేసింది. బయల్దేరేముందే ఫోన్లో, కోటమ్మ ఇంకా ఉందా అని అడిగాను. ఉందనీ, మొగుడు పోయాక మా ఊళ్లోనే మేనల్లుడి ఇంట్లో ఉంటోందనీ చెప్పి, మా మరదలు ఆమెకి కబురంపింది.

కారు దిగితే ఊరు ఇటు నుంచి అటు కనిపించింది. ఎప్పుడూ చెట్లు అడ్డం ఉండేవి. మొదళ్ల దగ్గర రంపపు పొట్టు, పచ్చిగా వాసన. నాకు నడుమ కనపడదు కాబట్టి ఏ మోడునీ తిన్నగా చూడాల్సిన అవసరం లేకపోయింది, అదొక్కటే మేలు. కావుగదికి గోడలున్నాయి, కప్పు లేదు. ఎప్పుడూ మసకగా, వెచ్చగా ఉండే గదిలో ఎండ నిండిపోయి ఉంది. నా జన్మలో ఆ గదిలో అంత వెలుతురు చూడలేదు. చదువుకోవడానికి బాగుంటుందనిపించి, అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

కోటమ్మ గోడవార నీడలో కూర్చుంది. పక్కనుంచి చూస్తే తెల్లటి జుట్టు, ఒళ్లో కదలని చెయ్యి కనిపించాయి. "ఏం అమ్మాయిగారూ, చిక్కిపోయారే" అంది. "నువ్వు లావయ్యావా ఏంటి?" అన్నాను. నవ్వింది. పుస్తకం చేతికిచ్చాను. తడిమి చూసి, "మార్కెట్‌కి పోయిందే, ఎట్టా వచ్చింది?" అంది. అది కాదు, అలాంటిదే ఇంకోటని చెప్పాను. చివర చదువుదామని వచ్చాను, వింటావా అన్నాను. "చివరేముందిలేండి, అమ్మగారు చెప్పిందేగా" అంది. అన్నదే గానీ, నడుం సర్దుకుని, గడ్డం కింద కుడిచెయ్యి పెట్టుకుంది.

భూతద్దం పట్టుకుని, తల వాల్చి, ఒక్కో అక్షరం పక్కనుంచి లాగుతూ చదివాను. మూడో తరగతి పిల్ల నయం. ఒక వాక్యం అయ్యేసరికి కంట్లో నీళ్లు కారిపోయేవి, తుడుచుకుని మళ్లీ. ముందేం వస్తుందో నాకు తెలియదు, నోట్లోంచి వచ్చాకే నాకూ తెలిసేది. రైలు వచ్చింది. ఆగింది. రాజేశ్వరి లేచింది. బొడ్లోంచి తాళంచెవి తీసి బెంచీ మీద పెట్టింది. కూలీ ఎవరూ లేకపోతే ట్రంకుపెట్టె తనే ఎక్కించుకుంది. తర్వాత ఒక్కటే వాక్యం ఉంది, దాని కింద సమాప్తం. "కిటికీ పక్కన చోటు దొరికింది."

పక్షి అరవలేదు, గాలి వీచలేదు అని రాయడం నాకు బాగా అలవాటు. అలాంటిదేమీ కాదు, పక్క చేలో రంపం మోగుతూనే ఉంది. కోటమ్మ, "ఆగండి" అంది. "మళ్లీ."

మళ్లీ చదివాను. కిటికీ పక్కన చోటు దొరికింది. కోటమ్మ కుడిచెయ్యి నేలమీద అటూ ఇటూ తడిమింది, ఇటుక రజను తప్ప ఏమీ తగల్లేదు. అప్పుడు అర్థమైంది నాకు, గడ్డిపరక కోసం వెతుకుతోందని. ఎందుకు తెచ్చాను దీన్ని? నా కళ్లు పోతే పోయాయి, ఈ మనిషి ఏం పాపం చేసింది?

"ఎక్కిందన్నమాట" అంది కోటమ్మ. "ట్రంకుపెట్టె సర్దుకుని స్టేషన్ దాకా పోయిన మనిషే, చదువుకున్న మనిషే వెనక్కెళ్లింది, నేనెంత అనుకున్నానమ్మా. పుస్తకంలో రాశారంటే ఊరికే రాయరు గదా అనుకున్నా. పిన్ని ఆ ఏడంతా ఎదురుచూసిందట" అంది. ఏడవలేదు. ఒక చేత్తో రెండో చేతి వేళ్లు ఒక్కొక్కటే సవరించుకుంటోంది, ఎవరివో వేళ్లన్నట్టు. నా సంపుటాలన్నిట్లో వెతికినా ఆమెతో అనదగ్గ మాట ఒక్కటీ లేదు.

"అమ్మగారికి తెలీదు గదా పాపం?" అంది. "పుస్తకం పోయింది, తోచింది చెప్పింది. తెలీకే గదా?"

పెరటి మెట్లు కనిపించాయి నాకు, నట్టనడుమ, మచ్చ లేకుండా. ఆ ఏటి మామిడిపూత రాలుతోంది. అత్తయ్య ఒళ్లో పుస్తకం, చివరి పేజీ. చదివేసి, మూసి, అట్టలేని ఆ కాగితం మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే కూర్చుంది. "బావుందా అత్తయ్యా?" అని అడిగాను నేను. "కిటికీ పక్కన చోటు వరకే రాస్తారే వీళ్లు. దిగాక ఎవరింట్లో ఉంటుందో రాయరు" అంది. నాకప్పుడేమీ అర్థం కాలేదు, ఆ మాట నాకు గుర్తున్నట్టు కూడా ఈ క్షణం దాకా తెలియదు.

"తెలీదు కోటమ్మా" అన్నాను.

"అదీ" అంది కోటమ్మ. "తెలిస్తే చెప్పకపోతుందా."